‘అలవాటుందా?’: ఒక ప్రశ్న చరిత్ర

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓపీ చీటీ మీద వైద్యుడు వ్రాసుకునే సంగతులు కొద్దిపాటివే. పేరు, వయసు, ఊరు, బాధ ఏమిటి, ఎన్నాళ్లుగా. బయట వరుస పెద్దది, చేతిలో సమయం తక్కువ. ఆ తొందరలోనే మగవారిని మాత్రం మరొక ప్రశ్న అడగడం మా వృత్తిలో ఆనవాయితీ: “అలవాటుందా?” ఏ అలవాటో విడమరచి చెప్పనక్కరలేదు. అడిగేవారికీ తెలుసు, అడిగించుకునేవారికీ తెలుసు. జవాబు కూడ సాధారణంగా ఒకటే: “అప్పుడప్పుడండీ.” చీటీలో ‘అప్పుడప్పుడు’ అనే మాటకు గడి లేదు. అందువల్ల ఆ జవాబు గాలిలో కలిసిపోతుంది. రోగి గ్యాస్ మాత్రలు పుచ్చుకొని వెళ్లిపోతాడు.

ఈ సంగతిని నొప్పించకుండా, సూటిగా అడగడానికి మన భాషలో తగిన మాట లేకపోవడం ఒక విచిత్రం. ‘తాగుతావా’ అంటే తిట్టినట్టుంటుంది. ‘తాగుబోతు’ అంటే తీర్పు చెప్పినట్టే. ‘మందు’ అందామంటే వైద్యుని నోట ఆ మాటకు రెండర్థాలు. ఎట్టి పరిస్థితిలోనూ మందు మానవద్దని రక్తపోటు రోగికి చెప్పి, ఆ వెనుకనే వచ్చిన వానికి మందు మానమని చెప్పవలసిన వృత్తి మాది. అందుకే ‘అలవాటు’ అనే ముసుగు మాట పుట్టింది. అయితే ఆ ముసుగులో ఒక నమ్మకం కూడ దాగి ఉంది. లోకంలో అలవాటున్నవారు, లేనివారు అని రెండే జాతులున్నాయన్న నమ్మకం అది. వైద్యశాస్త్రం ఆ నమ్మకాన్ని వదులుకోవడానికి చాలా కాలం పట్టింది. మన ఆరోగ్య వ్యవస్థ చేతిలోని కాగితాలు నేటికీ పూర్తిగా వదులుకోలేదు. ఆ కథ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చెప్పేటప్పుడు విస్సన్నపేటను దృష్టిలో ఉంచుకుంటాను. నూజివీడుకూ తిరువూరుకూ నడుమ, మామిడి తోటల సీమలోని మండల కేంద్రమిది. 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లా, నేడు ఎన్టీఆర్ జిల్లా. తిరువూరు దాటి కొంచెం ముందుకు వెళితే తెలంగాణ సరిహద్దు. మద్యం విషయంలో ఈ సరిహద్దుకు తనదైన చరిత్ర ఉంది.

అసలు కథ ఎంతో పాతది. చరక సంహిత చికిత్సాస్థానంలో మదాత్యయానికి ఒక అధ్యాయమే కేటాయించబడింది. మత్తులోని అవస్థలను వరుసగా వర్ణించి, యుక్తిగా సేవించినదానికీ అయుక్తంగా సేవించినదానికీ ఫలితంలో గల భేదాన్ని ఆ గ్రంథం చర్చించింది. ఎంత, ఎప్పుడు, ఎట్లా అనే ప్రశ్నలు ఆనాటి వైద్యునికి తోచాయన్నమాట. తరువాతి శతాబ్దాలలో ఆ ప్రశ్నలు వైద్యుని చేతినుండి జారిపోయాయి. మతం దానిని పాపమన్నది, ప్రభుత్వం ఆదాయమన్నది.

ఆధునిక కాలంలో మన ప్రాంతంలో మద్యం మీద మొదటి పెద్ద ప్రయోగం రాజకీయ రంగంలోనే జరిగింది. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా రాజాజీ 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించారు. మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలు చేరాయి. 1948 నాటికి కృష్ణా జిల్లాతో సహా ప్రెసిడెన్సీ అంతటా నిషేధం వ్యాపించింది. అదే కాలంలో సరిహద్దుకు అవతల నిజాం రాజ్యంలో ఆబ్కారీ ప్రభుత్వానికి ప్రధానమైన రాబడి. ఒక గట్టు మీద నేరం, మరొక గట్టు మీద ఖజానా. తిరువూరు ప్రాంతపు మనిషి నాలుగడుగులు వేస్తే చట్టం మారిపోయేది. అతని కాలేయానికి మాత్రం ఏ గట్టు మీద తాగినా ఒకటే.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత ఈ వ్యవహారం ఎంత వేడెక్కిందంటే, 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం మద్యనిషేధపు చర్చలోనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కల్లుగీత కార్మికుల జీవనోపాధి, కేసుల బాధ, ఖజానాకు నష్టం అన్నీ ఆ చర్చలో ఉన్నాయి. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే, 1952 అక్టోబరు 2న మొదలైన సమాజాభివృద్ధి పథకంతో పాటు, దేశంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వెలుస్తున్నాయి. మలేరియా, మశూచి, ప్రసవాలు, కుటుంబ నియంత్రణ అన్నవి వాటి పనులు. మద్యం ఆ జాబితాలో లేదు. ఊరిలో ఎంత సరుకు చెల్లుతున్నదో లెక్క వ్రాసే శాఖ ఒకటి ఉంది, అది ఆబ్కారీ. ఆ సరుకు ఎవరి శరీరంలో ఏమి చేస్తున్నదో లెక్క వ్రాసే శాఖ లేదు. ఈ పని విభజన గురించి ఎవరూ ఆశ్చర్యపడలేదనుకుంటాను.

పాశ్చాత్య వైద్యులు మనకంటె ముందున్నారనుకోనక్కరలేదు. వారి దృష్టి కూడ చాలాకాలం పూర్తిగా చెడిపోయిన తాగుబోతు మీదనే ఉండేది. అమెరికాలో 1971లో మెల్విన్ సెల్జర్ మిషిగన్ ప్రశ్నావళిని ప్రచురించాడు. అందులో 25 ప్రశ్నలు. తాగినందుకు అరెస్టయ్యారా, ఆస్పత్రి పాలయ్యారా, ఉద్యోగం పోయిందా అన్న ధోరణిలో సాగుతాయి. ఉద్యోగం పోయిన తరువాత బయటపడే జబ్బును కనుక్కోవడానికి ప్రశ్నావళి ఎందుకు? ఇంటి పక్కవారిని అడిగితే చాలు. నార్త్ కరోలినా వైద్యుడు జాన్ యూయింగ్ నాలుగే ప్రశ్నలతో వేరొక సాధనం రూపొందించాడు. తగ్గించుకోవాలని అనిపించిందా, ఎవరైనా అంటే చిరాకు కలిగిందా, తప్పు చేస్తున్నట్టు తోచిందా, తెల్లవారగానే గొంతులో పడితే తప్ప కుదుటపడని స్థితి వచ్చిందా. 1984లో ఇది విస్తృత ప్రచారంలోకి వచ్చి, ప్రపంచమంతటా వైద్య విద్యార్థులు కంఠస్థం చేశారు. చక్కని సాధనమే. కాని జీవితంలో ఎప్పుడైనా అని అడుగుతుంది, ఇప్పుడు ఎంత అని అడగదు. పైగా చిరాకు, అపరాధ భావన అన్నవి ఆయా సమాజాన్ని బట్టి ఉంటాయి. తప్పని తోచని చోట మార్కు పడదు, తాగుడు ఎంత ఉన్నా సరే.

మలుపు మూడు వేర్వేరు చోట్ల నుండి వచ్చింది. లండన్‌లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ బృందం వంద మంది మద్యపాన రోగులను, వారి భార్యలతో సహా, రెండు భాగాలుగా విడదీసింది. ఒక భాగానికి నెలల తరబడి పూర్తి చికిత్స. రెండవ భాగానికి ఒకే ఒక్క పూట సలహా, బాధ్యత మీదేనన్న మాట. ఏడాది తరువాత చూస్తే రెండు భాగాలకూ చెప్పుకోదగిన తేడా లేదు. 1977లో వెలువడిన ఈ ఫలితం ఆస్పత్రుల వారికి రుచించలేదు. కాని క్లుప్తమైన సలహాకు విలువ ఉండవచ్చన్న ఆలోచనకు అది బీజం. అంతకు ముందు ఏడాదే ఎడ్వర్డ్స్, మిల్టన్ గ్రాస్ కలిసి మద్యంపై ఆధారపడటం అనేది ఉన్నదా లేదా అని తేల్చే విషయం కాదని, అది మెట్లుమెట్లుగా పెరిగే స్థితి అని ప్రతిపాదించారు.

మూడవది స్వీడన్‌లోని మాల్మో నగరం. అక్కడ నడివయసు మగవారికి సాధారణ ఆరోగ్య పరీక్షలు చేస్తూ, గామా జీటీ అనే కాలేయపు ఎంజైము ఎక్కువగా ఉన్నవారిని వేరు చేశారు. వారెవరూ తాగుడుకు వైద్యం కోరి వచ్చినవారు కారు. ఉద్యోగాలు చేసుకుంటూ సంసారాలలో ఉన్నవారే. కొందరికి నర్సు, వైద్యుడు క్రమం తప్పకుండా కనిపించి, ఆ అంకె తగ్గుతున్నదో లేదో చూపుతూ, తాగుడు తగ్గించమని చెప్పారు. తక్కినవారికి ఒక ఉత్తరం మాత్రం పంపారు. కొన్నేళ్ల తరువాత మొదటి గుంపులో అనారోగ్యపు సెలవులు, ఆస్పత్రి దినాలు తగ్గాయి. 1983లో ఈ పరిశోధన ప్రచురించబడింది. జబ్బుగా మారకముందే పలకరిస్తే ఫలితముంటుందని అంకెలతో చూపిన తొలి పెద్ద ప్రయత్నాలలో ఇది ఒకటి. రక్తపోటును పక్షవాతం రాకముందే కొలుస్తాము గదా, మద్యాన్ని మాత్రం కామెర్లు వచ్చేదాకా ఎందుకు ఆగాలి?

1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం ఇదే అన్నది. 1982లో పని మొదలైంది. ఆస్ట్రేలియా, బల్గేరియా, కెన్యా, మెక్సికో, నార్వే, అమెరికా అనే ఆరు దేశాలలో ప్రాథమిక వైద్యానికి వచ్చిన దాదాపు 1,900 మందిని 150 ప్రశ్నలతో పరీక్షించారు. ఏ దేశంలో అడిగినా నిలబడే ప్రశ్నలను ఏరి, చివరకు పది మిగిల్చారు. దాని పేరు ఆడిట్. జాన్ సాండర్స్ బృందం ఈ అధ్యయన ఫలితాన్ని 1993లో ప్రచురించింది. 40 మార్కులకు 8 లేదా అంతకు మించి వస్తే జాగ్రత్త పడవలసిన స్థితి. ప్రమాదకరంగా తాగేవారిలో నూటికి 92 మంది ఈ గీతకు పైన పడ్డారు. అట్లా తాగనివారిలో నూటికి 94 మంది గీతకు కింద ఉన్నారు. ఎనిమిది నుండి పదిహేను వరకు నాలుగు మంచి మాటలు చాలు, పదహారు నుండి పందొమ్మిది వరకు కౌన్సెలింగు, ఇరవై లేదా అంతకు మించితే నిపుణుని వద్దకు పంపాలి. ఆసియా నుండి ఒక్క దేశమూ ఆ ఆరింటిలో లేదన్న సంగతి మనం గుర్తుంచుకోవాలి. దాని పర్యవసానం మళ్లీ చెబుతాను.

మన తెలుగు నేలమీద ఆ సంవత్సరాలు మరొక విధంగా చరిత్ర ప్రసిద్ధమైనవి. నెల్లూరు జిల్లాలో 1990లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రి బడిలో సారాపై స్త్రీల పోరాటాన్ని చెప్పే పాఠం చదువుకున్న దూబగుంట స్త్రీలు, రోశమ్మ ముందు నిలువగా, తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. 1980లలో ‘వారుణి వాహిని’ పేరిట ప్రభుత్వమే సారా సరఫరా చేసి, పాలిథీన్ ప్యాకెట్లలో పల్లె పల్లెకూ చేర్చిన తరువాత వచ్చిన తిరుగుబాటు అది. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 డిసెంబరులో ప్రమాణస్వీకార వేదిక మీదనే ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధపు దస్త్రంపై సంతకం చేశారు, 1995 జనవరి 16 నుండి అమలయింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దానిని ఎత్తివేసింది.

ఆడిట్ ప్రచురితమైన సంవత్సరమూ సారా నిషిద్ధమైన సంవత్సరమూ ఒకటే కావడం కాకతాళీయం. అయినా వైద్యునిగా ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేను. నెల్లూరు స్త్రీలు చేసినది ఒక విధంగా స్క్రీనింగే. ఎవరు ఎంత తాగుతున్నారో, ఏ రోజు కూలి డబ్బు ఇంటికి రాలేదో, ఎవరి ఇంట్లో దెబ్బలు పడుతున్నాయో, వారికి ఏ ప్రశ్నావళీ లేకుండానే తెలుసు. ఆ జ్ఞానం దుకాణం దాకా వెళ్లింది, కలెక్టరు కార్యాలయం దాకా వెళ్లింది, శాసనసభ దాకా వెళ్లింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా మాత్రం వెళ్లలేదు. దుకాణం మూసిన రోజున, అప్పటికే ఏళ్ల తరబడి తాగుతున్న మనిషి శరీరం సంగతి ఏమిటని అడిగినవారు తక్కువ. మరల దుకాణం తెరిచిన రోజున కూడ అడగలేదు.

ఇప్పుడు ఆరు దేశాల విషయం. ఆడిట్‌లోని రెండవ ప్రశ్న తాగే రోజున ఎన్ని ‘డ్రింకులు’ అని. ఒక డ్రింకు అంటే పది గ్రాముల శుద్ధ ఆల్కహాలు. విస్సన్నపేటలో ఎవరు డ్రింకులలో లెక్కపెడతారు? మన లెక్కలు వేరు. నైంటీ, క్వార్టరు, ఆఫు, ఫుల్లు. కాబట్టి మార్చి చూద్దాము. మన బ్రాందీ, విస్కీ సీసాల మీద నూటికి 42.8 పాళ్లు అని ఉంటుంది. క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాలు 77 మిల్లీలీటర్లు, బరువులో సుమారు 61 గ్రాములు. అంటే ఆరు డ్రింకులు! నైంటీ అయితే మూడు. 650 మిల్లీలీటర్ల బీరు సీసా నూటికి అయిదు పాళ్లదైతే రెండున్నర, ఎనిమిది పాళ్ల స్ట్రాంగ్ అయితే నాలుగు. కల్లు సంగతి చెప్పలేము. చెట్టు నుండి దించి ఎంతసేపయింది, ఏమి కలిపారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆడిట్‌లోని మూడవ ప్రశ్న ఏమిటో తెలుసునా? ఒకే పూట ఆరు డ్రింకులు లేదా అంతకు మించి ఎన్ని సార్లు తాగుతారని. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాద ఘంటికగా పెట్టిన పరిమాణం, మన ఊళ్లలో “ఎక్కువేం లేదండీ, ఒక్క క్వార్టరే” అని చెప్పుకునే పరిమాణం అచ్చంగా ఒకటే.

ఒక మనిషిని ఊహించండి. తోటల్లో, పొలాల్లో పని. వారం కూలి శనివారం చేతికి వస్తుంది. శనివారం రాత్రి ఒక క్వార్టరు. తక్కిన ఆరు రోజులు ముట్టడు. ‘అప్పుడప్పుడు’ అని అతడు చెప్పినది అబద్ధం కానే కాదు. ఆడిట్ ప్రకారం లెక్కించితే: వారానికొకసారి కనుక మొదటి ప్రశ్నకు 2, ఆరు డ్రింకులు కనుక రెండవదానికి 2, వారం వారం ఆరు తాకుతున్నాడు కనుక మూడవదానికి 3. మొత్తం 7. కిందటి ఏడాదిలో బండి మీద నుండి పడి దెబ్బ తగిలించుకున్నా, భార్యో ఆరోగ్య కార్యకర్తో తగ్గించమని చెప్పి ఉన్నా ఇంకొక 4. ఇక అతడు 11లో ఉన్నాడు. నాలుగు మంచి మాటలు చెప్పవలసిన మనిషి, చెబితే వినే అవకాశం బాగా ఉన్న మనిషి.

ఇదే మనిషి నేటి మన వ్యవస్థకు ఎట్లా కనబడుతున్నాడు? 2018లో ఆయుష్మాన్ భారత్ క్రింద ఆరోగ్య, స్వస్థత కేంద్రాలు మొదలైన నాటి నుండి, ముప్పై ఏళ్లు నిండిన ప్రతివారికీ ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఒక పత్రం నింపుతుంది. బీపీ, మధుమేహం, కొన్ని క్యాన్సర్ల ముప్పును ముందుగా పసిగట్టడానికి ఉద్దేశించిన మంచి పత్రం. వయసుకు, నడుము కొలతకు, వ్యాయామానికి మార్కులుంటాయి. నాలుగు దాటినవారికి పరీక్షలలో ప్రాధాన్యం. పొగాకు ప్రశ్నకు మూడు గడులున్నాయి: ఎప్పుడూ లేదు, గతంలో లేదా అప్పుడప్పుడు, ప్రతిరోజు. మద్యం ప్రశ్న ఒక్కటే: రోజూ తాగుతారా? అవునంటే ఒక మార్కు, కాదంటే సున్నా.

మన శనివారపు మనిషికి సున్నా. ముప్పై నిండని అతని తమ్మునికి పత్రమే లేదు. పొగాకులో ‘అప్పుడప్పుడు’కు దొరికిన గడి మద్యంలో దొరకలేదు. ఆ పత్రం తయారుచేసినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఆశా చేతిలో పది ప్రశ్నలు పెట్టలేరని వారు అనుకుని ఉండవచ్చు. కాని ఆడిట్‌లోని మొదటి మూడు ప్రశ్నలే చాలా వరకు సరిపోతాయని 1998లోనే అమెరికా పరిశోధకులు చూపారు. ఎంత తరచుగా, ఎంత, ఒకే పూట ఆరు ఎన్నిసార్లు. పురుషులకు పన్నెండింట నాలుగు వస్తే హెచ్చరిక. మూడు ప్రశ్నలకు నిమిషం పట్టదు. పైన చెప్పిన మనిషికి ఈ మూడింటిలోనే ఏడు వచ్చాయి.

అడిగి ఏమి చేస్తాము అన్నది న్యాయమైన ప్రశ్న. దానికి మన దేశంలోనే జవాబు ఉంది. గోవాలో విక్రమ్ పటేల్, అభిజిత్ నడ్కర్ణి బృందం పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన పురుషులలో ఆడిట్ మార్కులు 12 నుండి 19 వరకు ఉన్న 377 మందిని ఎంచుకున్నది. సగం మందికి మామూలు వైద్యం. మిగతావారికి దానితోపాటు, మానసిక వైద్యంలో ఏ పట్టా లేని స్థానిక సలహాదారులతో నాలుగు మార్ల వరకు సంభాషణ. మూడు నెలల తరువాత ఎనిమిది మార్కుల గీత కిందికి దిగినవారు మొదటి భాగంలో నూటికి 26, రెండవ భాగంలో 36. చివరి రెండు వారాలలో అసలు ముట్టనివారు ఒకవైపు 18, మరొకవైపు 42. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఈ ఫలితం, ఏడాది తరువాత చూసినా నిలిచి ఉంది. తాగడం కొనసాగించినవారిలో మాత్రం పరిమాణం తగ్గలేదు. అద్భుతమని నేననను. పది మందిలో ఒక్కరు అదనంగా ఒడ్డున పడ్డారు. బీపీ మాత్రలతో పోల్చి చూస్తే అది చిన్న సంగతి కాదు.

ఇంగ్లండులో 2013లో వచ్చిన మరొక పరిశోధన ఇంకొక పాఠం చెప్పింది. కరపత్రం ఇచ్చినవారికీ, అయిదు నిమిషాలు మాట్లాడినవారికీ, ఇరవై నిమిషాల కౌన్సెలింగు చేసినవారికీ ఆరు నెలల తరువాత తేడా కనబడలేదు. సలహా వ్యర్థమని కొందరు దీనికి అర్థం చెప్పారు. నా అభిప్రాయంలో మరొక వివరణకు కూడ చోటుంది. మార్కు ఎంతో చెప్పి, కరపత్రం చేతిలో పెట్టడమే ఆ మనిషికి అద్దం పట్టి ఉండవచ్చు.

ఇక ఎవరు అడగాలి, ఎక్కడ అడగాలి అన్నది మన ఊళ్లలో ఎంతో సున్నితమైనది. ఆశా కార్యకర్త ఆ ఊరి కోడలే. వాకిట్లో తల్లి, లోపల భార్య ఉండగా ఆమె అడిగితే, “ఏంటి వదినా, నేనేమన్నా తాగుబోతులా కనబడుతున్నానా?” అన్న మాట వస్తుంది. ఆమె నవ్వి సున్నా వేసి వెళ్లిపోతుంది. ఉప్పు ఎంత వాడతారు, పొగాకు ఉందా, నిద్ర సరిగా పడుతున్నదా అనే వరుసలో, గదిలో, ఒంటరిగా, ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది అడగడం మేలు. ప్రశ్న మార్చి చూడాలి కూడ. “అలవాటుందా?” అంటే దాచుకోవాలనిపిస్తుంది. “కిందటి నెలలో ఒకే పూట క్వార్టరు దాకా వెళ్లిన రోజులు ఎన్ని?” అంటే లెక్క చెబుతారు. మన మనుషులు నీతి గురించి అడిగితే బెదురుతారు గాని లెక్క అడిగితే కచ్చితంగానే చెబుతారు.

ఆడవారిని అసలు అడగకపోవడం మరొక లోపం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేనేళ్లు దాటినవారిలో మద్యం తాగుతామని చెప్పిన పురుషులు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 23, తెలంగాణలో 43. స్త్రీలు మన వైపు నూటికి ఒకరు కూడ లేరు, అవతల దాదాపు ఏడుగురు. సరిహద్దు ఇప్పటికీ పని చేస్తున్నదన్నమాట. తాగేవారి సంఖ్య అనకుండా, తాగుతామని ఒప్పుకున్నవారి సంఖ్య అనడమే సరి. తిరువూరు, విస్సన్నపేట వంటి చోట్ల బంధుత్వాలు, పెళ్లిళ్లు, కూలి వలసలు ఆ గీతను పట్టించుకోవు కనుక, ఈ రెండు అంకెల నడుమ మనం ఎక్కడ ఉన్నామో అడిగితేనే తెలుస్తుంది. చికిత్స మాటకు వస్తే, 2019లో ఢిల్లీ ఎయిమ్స్ వెలువరించిన జాతీయ నివేదిక ప్రకారం దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది.

క్షయ మందులు వాడేవారికి, మధుమేహపు మాత్రలు వేసుకునేవారికి, రక్తపోటు ఎంతకూ అదుపులోకి రానివారికి ఈ మూడు ప్రశ్నలు మరీ ముఖ్యం. మందుల మోతాదు పెంచుతూ పోయే ముందు శనివారం సంగతి అడగడం చవకైన పరీక్ష.

పాఠకులు ఎవరికి వారు ఈ లెక్క వేసుకోవచ్చు, ఇంట్లోవారితో కూర్చొని వేసుకుంటే ఇంకా మంచిది. ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి. వారానికొకసారి తాగేవారు మానినందువల్ల శరీరానికి ఇబ్బంది రాదు. ప్రతిరోజూ, ముఖ్యంగా తెల్లవారగానే తాగనిదే చేతుల వణుకు తగ్గనివారు, వైద్య సహాయం లేకుండా ఒక్కసారిగా మానకూడదు. రెండు మూడు రోజులలో మూర్ఛలు, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. 2020 మార్చి చివర లాక్‌డౌన్ విధించి దుకాణాలు మూసిన కొద్ది రోజులకే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇటువంటివారు గుంపులుగా వచ్చారు. అదే ఏడాది జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరకక శానిటైజరు తాగి పదిమందికి పైగా మరణించారు. తాగుడు ఆగిపోయిన పూట కూడ వైద్యుని అవసరం ఉంటుందని ఆ రెండు సంఘటనలు చూసినవారికి చెప్పనక్కరలేదు.

అటువంటి స్థితిలో ఉన్నవారిని ముందుగా సమీప ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకువెళ్లండి. మాట్లాడటానికి మనిషి కావాలంటే టెలీమానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనే దొరుకుతుంది. మత్తు మాన్పించే జాతీయ సహాయ కేంద్రం నంబరు 14446. ఫోను చేసేటప్పుడు రోజుకు ఎంత, ఎన్నేళ్లుగా, చివరిసారి ఎప్పుడు అన్న మూడు సంగతులు కాగితం మీద వ్రాసి దగ్గర పెట్టుకోండి.